కాలు కింద పెట్టకుండా

రెండు చక్రాల కథ – 17

కిందటివారం ఐల్ ఆఫ్ మాన్ రోడ్ల మీద ప్రాణాలకు తెగించి పరుగెత్తే బండ్లను చూశాం. ఈ వారం ఆటలో ఎవరికీ తొందర లేదు. మోటారు సైకిలు మనిషి నడకంత వేగంతో ఒక వాగులోకి దిగుతుంది. నాచు పట్టిన రాళ్ళ మీద నుంచి పాకుతుంది, చెట్ల వేళ్ళ మధ్య మలుపు తిరుగుతుంది, బురద గట్టు ఎక్కుతుంది. పైన వానకోటు వేసుకున్న మనిషి ఒకాయన చిన్న నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన చూపు బండి మీద ఉండదు, నడిపేవాడి పాదాల మీద ఉంటుంది. పాదం ఒకసారి నేలకు ఆనితే ఒక మార్కు పోయింది. రెండుసార్లు ఆనితే రెండు. మూడుసార్లు ఆనినా, ముప్పైసార్లు ఆనినా మూడే. బండి ఆగిపోయినా, మనిషి పడిపోయినా, కట్టిన హద్దు దాటి బయటికి పోయినా ఐదు. ఏమీ పోగొట్టుకోకుండా గట్టెక్కితే దాన్ని 'క్లీన్' అంటారు. ఆ చిన్న దారికి సెక్షన్ అని పేరు, నోటుపుస్తకం మనిషికి అబ్జర్వర్ అని పేరు, ఆట పేరు ట్రయల్స్.

ఈ ఆటకు నూరేళ్ళు దాటాయి. ఇంజన్లు ఎలా చిన్నవయ్యాయో, బండ్లు ఎలా బరువు తగ్గాయో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. నాకు మాత్రం ఈ కథలో ముఖ్యపాత్ర ఆ వానకోటు మనిషిదే అనిపిస్తుంది. ఆయన నిలబడ్డ చోటికి తరవాత్తరవాత వేరేవాళ్ళు వచ్చారు. ఎవరు వచ్చి చూస్తే వాళ్ళకు నచ్చినట్టు ఆట తన ఒళ్ళు మార్చుకుంది.

మొదట్లో ఇది ఆట కాదు, పరీక్ష. 1900ల మొదటి దశకంలో మోటారు సైకిలు కొన్నవాడికి అది కొండ ఎక్కుతుందన్న భరోసా లేదు. బెల్టు జారేది, ప్లగ్గు మసి పట్టేది, సగం దారిలో దిగి తోసుకుంటూ పోవలసి వచ్చేది. బండి నమ్మకమైనదో కాదో తేల్చడానికి క్లబ్బులు దూరప్రయాణాలు పెట్టాయి. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో క్లబ్బు 1909లో మొదలుపెట్టిన అలాంటి పరీక్ష రెండేళ్ళకే ఆరు రోజులదై స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌గా స్థిరపడింది. యుద్ధాల్లో ఆగి మళ్ళీ లేచి, ఇప్పటికీ ఏటా మే నెలలో ఫోర్ట్ విలియం ఊరు కేంద్రంగా జరుగుతోంది. రోజుకు ముప్పై దాకా సెక్షన్లు. వాటి మధ్య దూరమంతా అదే బండి మీద, మామూలు రోడ్ల మీద పోవాలి. యార్క్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ ఏంగస్ స్కాట్ అనే ఇంజనీరు 1914లో తన ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం ఇంకో పోటీ పెట్టాడు. అందులో పాదాల లెక్కతో పాటు గడియారం లెక్క కూడా ఉంటుంది. అందరికన్నా ముందు వచ్చినవాడికి ఎంత వెనకబడితే అన్ని మార్కులు పోతాయి. నెమ్మదిగా, జాగ్రత్తగా పోదామంటే గడియారం ఊరుకోదు. గబగబా పోదామంటే పాదం ఊరుకోదు. ఈ రెండింటి మధ్య నలిగే ఆ స్కాట్ ట్రయల్ కూడా ఇంకా బతికే ఉంది.

ఆ రోజుల్లో ఇది మగవాళ్ళ ఆట అనుకుంటే పొరపాటు. 1927లో అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ ఇంగ్లండ్‌లోని ఆంబుల్‌సైడ్‌లో జరిగినప్పుడు మార్జొరీ కాటల్, ఈడిత్ ఫోలీ, లూయీ మెక్‌లీన్ ముగ్గురూ ఒక జట్టుగా దిగి సిల్వర్ వేజ్ గెలుచుకున్నారు. ఆ తరవాత ఆడవాళ్ళకంటూ ప్రపంచ ట్రయల్స్ పోటీ ఏర్పడడానికి 2000 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మొదటి ఏడాదే గెలిచిన స్పెయిన్‌లోని కాటలోనియా అమ్మాయి లాయా సాన్స్ మొత్తం 13 టైటిళ్ళు పట్టుకుపోయింది.

మన పాఠకులకు ఈ కథలో బాగా తెలిసిన పాత్ర ఒకటుంది. అదే బుల్లెట్టు. మన ఊళ్ళలో ఎస్సైగారి బండిగానో, మోతుబరి రైతు బండిగానో పేరు పడ్డ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు కొత్త రూపంతో మొట్టమొదట బయటి జనం కంట పడింది ట్రయల్స్‌లోనే. 1948 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని కోల్మోర్ కప్ ట్రయల్‌కు కంపెనీవాళ్ళు దాని నమూనాలను పంపారు. వాటికి వెనక చక్రం దగ్గర స్వింగింగ్ ఆర్మ్, షాకబ్జార్బర్లు ఉన్నాయి. అప్పటి ట్రయల్స్ పెద్దలు నొసలు చిట్లించారు. వెనక చక్రం బిర్రుగా బిగించి ఉంటేనే బురదలో పట్టు దొరుకుతుందని వాళ్ళ నమ్మకం. అదే ఏడు ఇటలీలోని శాన్‌రెమోలో జరిగిన ఆరు రోజుల పోటీలో బ్రిటిష్ జట్టు ట్రోఫీ గెలిచింది. జట్టులో ఇద్దరు బుల్లెట్ల మీద వెళ్ళి బంగారు పతకాలతో వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకడైన విక్ బ్రిటన్ కొడుకు జానీ 1952లో, ఇరవై దాటీ దాటని వయసులో, బుల్లెట్టు మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. 1957లో మళ్ళీ గెలిచాడు. సరిగ్గా ఆ నడుమ, 1955లో, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి మన దేశంలో బుల్లెట్ల తయారీకి పునాది పడింది. 2019లో అదే కంపెనీ జానీ బ్రిటన్ గుర్తుగా బుల్లెట్ ట్రయల్స్ అని ఒక మోడల్ తెచ్చింది. ఒంటి సీటు, పైకెత్తిన సైలెన్సరు, వెండిరంగు ట్యాంకు. 350కి ఎర్ర ఫ్రేము, 500కి పచ్చ ఫ్రేము. కొన్నవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఫొటో దిగడానికే వాడారని నా అనుమానం. ఎక్కువకాలం అమ్మకుండానే కంపెనీ దాన్ని ఆపేసింది.

1950లు, 60ల మొదట్లో ఈ ఆటకు రాజధాని బ్రిటనే. బండ్లు నాలుగు స్ట్రోకులవి, బరువైనవి. ఆ రాజ్యంలో మకుటం లేని మహారాజు బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన సామీ మిల్లర్. GOV 132 నంబరు గల తన 500 సీసీ ఏరియల్ బండిని చెక్కి చెక్కి, అక్కర్లేని ప్రతి ఔన్సూ తీసేసి, 110 కిలోల దగ్గరికి దింపాడు. అప్పటికి అదే అద్భుతం. అలాంటివాడు 1964 చివర్లో ఏరియల్‌ను వదిలి బార్సిలోనా వెళ్ళాడు. బుల్టాకో కంపెనీ యజమాని ఫ్రాన్సెస్క్ జేవియర్ బుల్టో అతన్ని తన ఎస్టేటులో కూర్చోబెట్టి, నీకు కావలసిన బండి నువ్వే చేసుకో అన్నాడు. పన్నెండు రోజుల్లో నమూనా తయారైందని చెప్పుకుంటారు. రెండు స్ట్రోకుల ఇంజను, 244 సీసీ, తొంభై కిలోల చిల్లర బరువు. పేరు షెర్పా. 1965 మే నెలలో మిల్లర్ దాని మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచేసరికి బ్రిటిష్ ఫ్యాక్టరీల గుండెల్లో రాయి పడింది.

బుల్టాకో, మాంటెసా, ఒస్సా మూడూ బార్సిలోనావే. అక్కడి కొండలు ఎండిన రాతి కొండలు. స్కాట్లండ్‌లో బురద, నాచు, వాగు ఉంటాయి కాబట్టి చక్రం జారకుండా మెత్తగా నడిపేవాడు నెగ్గేవాడు. బార్సిలోనా ఉన్న కాటలోనియాలో నిలువెత్తు బండరాళ్ళు. రాతికి టైరు పట్టు దొరుకుతుంది కాబట్టి ధైర్యంగా ఎగబాకేవాడు నెగ్గుతాడు. నేల మారగానే ఒడుపు మారింది. 1975లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనప్పుడు తొలి విజేత యార్క్‌షైర్‌వాడు మార్టిన్ లాంప్‌కిన్, ఆ తరవాత మూడేళ్ళు ఫిన్లండ్‌వాడు వెస్టరినెన్, 1979లో అమెరికన్ బెర్నీ ష్రైబర్. మొదటి ఐదేళ్ళూ మనుషులు ఏ దేశంవాళ్ళయినా బండి మాత్రం బుల్టాకోనే.

ష్రైబర్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అప్పటిదాకా మలుపు అంటే రెండు చక్రాలూ నేల మీద ఉంచి హ్యాండిల్ తిప్పడమే. ఇరుకు మలుపు వస్తే పాదం ఆనించక తప్పేది కాదు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఈ కుర్రాడు క్లచ్చు, బ్రేకు కలిపి వాడి ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, వెనక చక్రం ఇరుసుగా బండిని చుట్టూ తిప్పి, కావలసిన దిక్కున దించేవాడు. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. అబ్జర్వరుకు మాత్రం తలనొప్పి మొదలైంది. బండి ముందుకు పోవడం లేదు, అలాగని పాదం ఆనలేదు. దీన్ని ఆగడం అనాలా, అనకూడదా?

ఆ చిక్కును ముదరబెట్టినవాళ్ళు పిల్లలు. మాంటెసా బండ్లను పరీక్షించి తీర్చిదిద్దిన పేరె పి కొడుకు ఓట్. నాన్న మోటారు సైకిలు మీద చేసేవన్నీ వాడు సైకిలు మీద చేయబోయాడు. అలాంటి పిల్లలు బార్సిలోనా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. పేరె పి వాళ్ళ కోసం చిన్న చక్రాల గట్టి సైకిలు ఒకటి తయారు చేయించాడు. ఇంజను లేని ఈ ఆటను స్పెయిన్‌లో ట్రియాల్‌సిన్ అన్నారు. ఆ ప్రయత్నంలోంచే మాంటీ అనే సైకిలు కంపెనీ పుట్టింది. 1986 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దీనికి ప్రపంచ పోటీలు నడుపుతోంది. తండ్రిని చూసి కొడుకు నేర్చుకోవడం వింత కాదు. పిల్లల సైకిళ్ళ మీద పుట్టిన విద్య వెనక్కి వెళ్ళి పెద్దల మోటారు సైకిళ్ళను మార్చేయడమే అసలు వింత. సైకిలుకు ఇంజను లేదు కాబట్టి రాయి ముందు వేగం అందుకునే దారి లేదు. ఉన్నచోటే నిలబడి, గెంతి, సర్దుకుని, మళ్ళీ గెంతాలి. ట్రియాల్‌సిన్‌లో ఆ గెంతులు నేర్చిన జోర్డి తారెస్ మోటారు ట్రయల్స్‌లోకి వచ్చి 1987కూ 1995కూ మధ్య ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంతవరకూ కొండ మీద ఒక ప్రవాహంలా సాగిన సెక్షను అతని చేతిలో ఆగి, గురిచూసి, ఎగిరే అంచెలుగా విడిపోయింది.

ఈలోగా ఆట కొండ దిగి ఊళ్ళోకి వచ్చింది. 1978లో బార్సిలోనాలో ఒక ఇండోర్ స్టేడియంలో ట్రయల్స్ పోటీ పెట్టారు. టికెట్టు కొన్న జనానికి పాదం ఎన్నిసార్లు ఆనిందో అక్కర్లేదు. వాళ్ళకు ఎత్తు కావాలి, చప్పుడు కావాలి, పడితే 'అయ్యో' అనాలి, ఎక్కితే లేచి నిలబడాలి. దాంతో సిమెంటు గొట్టాలు, కారు బొమ్మలు, నిలువు గోడలు వచ్చాయి. ఇవాళ ఈ స్టేడియం ఆటలోనూ, బయటి ఆటలోనూ టోనీ బౌదే రాజ్యం. 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడు కూడా వదలకుండా రెండింట్లోనూ తనే గెలిచాడు. అంటే 36 టైటిళ్ళు. ఏ ఆటలోనైనా ఇలాంటి ఏకఛత్రాధిపత్యం చూపించమంటే తడుముకోవాలి. బండి బరువు ఇప్పుడు 70 కిలోల లోపు. సీటు అనదగ్గది లేనే లేదు, కూర్చునే పని లేదు కాబట్టి. ఫోర్ట్ విలియం రోడ్ల మీద రోజంతా తిరగవలసి వచ్చినప్పుడు ఈ సీటు లేని బండి మనిషిని ఎంత ఏడిపిస్తుందో నడిపినవాళ్ళనడిగితే చెబుతారు.

ప్రపంచ పోటీ పెద్దలకు ఒక దశలో అనుమానం వచ్చింది. బౌ లాంటివాళ్ళు దాటే గోడలు మామూలు క్లబ్బు సభ్యుడు కలలో కూడా ఎక్కలేడు. కుర్రాళ్ళు చూసి చప్పట్లు కొడతారేమో గాని బండి కొని దిగుతారా? 2013లో ఆగితే ఐదు మార్కులు అనే పాత నిబంధనను మళ్ళీ తెచ్చారు. స్కాట్లండ్ పాతకాపులు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది అన్నారు. స్పెయిన్ కుర్రాళ్ళు మండిపడ్డారు. ఒక క్షణం ఆగిందా లేదా అన్నది తేల్చే భారం మళ్ళీ ఆ గట్టు మీద మనిషి నెత్తినే పడింది. నా ఓటు పాతకాపులకే. అయితే స్టేడియంలో టికెట్టు కొని కూర్చుంటే నేనూ గోడ ఎక్కడానికే చప్పట్లు కొడతాననుకోండి.

సైకిలు ట్రయల్స్ మాత్రం చాలాకాలం గూట్లో పిల్లిలా ఎవరికీ పట్టకుండా పెరిగింది. పార్కు గోడల దగ్గర, పార్కింగ్ స్థలాల్లో ఐదారుగురు కుర్రాళ్ళు కలుసుకునేవారు. విద్య అంతా పక్కన నిలబడి చూసి పట్టుకోవలసిందే. దానికి పనికొచ్చే సైకిలు మామూలు షాపులో దొరకదు. దాని అంగాంగం వేరు. మన సైకిలుకు ఫ్రీవీలు వెనక చక్రానికి ఉంటుంది. దీనికి ముందు, పెడళ్ళ దగ్గర. ముందు పళ్ళచక్రానికి 18 పళ్ళు, వెనక 15 ఉంటాయి, ఎత్తు ఎక్కే బలం కోసం. మామూలు ఫ్రీవీలులో పెడలు కాస్త ఊరికే తిరిగాకగాని పట్టు దొరకదు. ట్రయల్స్ ఫ్రీవీలులో చుట్టుకు 72 చోట్ల పట్టు దొరుకుతుంది, అంటే ప్రతి ఐదు డిగ్రీలకూ ఒకటి. ఎందుకంటే ఆట అంతా ఆ ఐదు డిగ్రీల్లోనే ఉంది. వెనక చక్రం మీద నిలబడి, బ్రేకు బిగబట్టి, ఒళ్ళు ముందుకు తూలుతున్న క్షణంలో బ్రేకు వదిలి పెడలును ఒక్క తన్ను తన్నాలి. సైకిలు గాలిలోకి లేస్తుంది. దిగిన మరుక్షణం బ్రేకు చచ్చినట్టు పట్టుకోవాలి. అంగుళం జారినా కింద పడ్డట్టే.

అందుకే వీళ్ళకు బ్రేకు పిచ్చి. జర్మన్ కంపెనీ మగూరా చేసే హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు వేసి, అవి చాలవని గ్రైండరు పెట్టి కొత్త రిమ్ము పక్కలను గరుకు తేలేలా చెక్కేవారు. ఇంకొందరు రిమ్ముకు తారు ముక్క రుద్దేవారు. బ్రేకు పట్టగానే వీధి వీధంతా వినబడే కీచు. ఆ కీచు వింటే చాలు, తోటివాడు ఎక్కడో ఉన్నాడని తెలిసేది. కొత్త రిమ్మును చేతులారా గ్రైండరుకు అప్పగించినవాడు ఆ బృందంలో సభ్యుడైనట్టే. ఇప్పుడు చెక్కిన రిమ్ములు, సిద్ధంగా బిగించిన సైకిళ్ళు కొనుక్కోవచ్చు. డిస్క్ బ్రేకులు వచ్చి కీచు కూడా తగ్గింది.

జనంలోకి దీన్ని మొదట మోసుకెళ్ళినవాడు హాన్స్ రే. యూరప్ ట్రయల్స్‌లో ఆరితేరి 1987లో కాలిఫోర్నియా వెళ్ళి, మౌంటెన్ బైకు మీద అవే విద్యలు చూపించి, వీడియో క్యాసెట్ల కాలపు తార అయ్యాడు. అసలు వరద మాత్రం 2009 ఏప్రిల్‌లో వచ్చింది. స్కై ద్వీపంలోని డన్‌వేగన్ అనే పల్లెలో పుట్టి, ఎడిన్‌బరోలో సైకిలు షాపులో మెకానిక్కుగా పనిచేస్తున్న డానీ మెకాస్కిల్‌ను అతని గదిలో ఉండే స్నేహితుడు డేవ్ సవర్బీ కొన్ని నెలలపాటు వీడియో తీశాడు. ఐదున్నర నిమిషాల ఆ వీడియో యూట్యూబులో పెట్టగానే రాత్రికి రాత్రి లక్షలమంది చూశారు. తరవాత కోట్లకు పోయింది. అందులో మొనదేలిన ఇనప ఊచల కంచె ఒకటి ఉంది. డానీ దాని అంచు మీద సైకిలు నడుపుతూ పోతాడు. చక్రం జారితే ఏమవుతుందో చూసేవాడికి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క కంచె కోసమే ఎన్నోసార్లు ఎక్కి, ఎన్నోసార్లు పడ్డాడు.

నూరేళ్ళ ఆట తలకిందులైంది ఇక్కడే. అబ్జర్వరు ముందు అవకాశం ఒక్కటే. మీరు రాత్రంతా సాధన చేసినా, నిన్న పదిసార్లు క్లీన్ చేసినా ఆయనకు అనవసరం. ఇవాళ, ఈ వానలో, ఆయన కళ్ళ ముందు పాదం ఆనితే ఆనినట్టే. కెమెరా ముందు రెండువందల సార్లు పడవచ్చు. రెండువందల ఒకటోసారి కుదిరితే అదే చరిత్ర. కాబట్టి ఎప్పుడైనా చేయగలిగినవాడి కన్నా, ఒక్కసారైనా చేయగలిగినవాడికి విలువ పెరిగింది. పోటీలో ఎవరూ తలపెట్టని పనులు కెమెరా కోసం తలపెట్టారు. ఇది పతనం అనేవాళ్ళు ఉన్నారు. నాకలా అనిపించదు. అసాధ్యం అనుకున్నవి నెలల తరబడి పట్టుబట్టి సాధించడానికి కూడా నిబ్బరం కావాలి. కాని అది వేరే నిబ్బరం. ఒకే దెబ్బకు తేల్చుకోవలసినప్పుడు చెయ్యి వణక్కుండా ఉండే నిబ్బరం కాదు.

డానీ సైకిలు కూడా పోటీ సైకిలు కాదు. 24 అంగుళాల చక్రాలు, చిన్నదైనా సీటు. వీధిలో తొక్కుకుంటూ పోవచ్చు. స్ట్రీట్ ట్రయల్స్ అన్నారు దాన్ని. 2014లో తన స్వగ్రామం ఉన్న ద్వీపంలోనే కూలిన్ కొండల శిఖరాల మీద తీసిన 'ది రిడ్జ్' వీడియోకు మళ్ళీ కోట్ల మంది. మార్టిన్ ఆష్టన్ అనే మరో బ్రిటిష్ ట్రయల్స్ ఆటగాడు ఖరీదైన కార్బన్ రేసు సైకిలు మీద ట్రయల్స్ విన్యాసాలు చేసి 2012లో 'రోడ్ బైక్ పార్టీ' తీశాడు. రెండో భాగం తీస్తుండగా 2013 సెప్టెంబరులో సిల్వర్‌స్టోన్ రేసు మైదానంలో ప్రదర్శన ఇస్తూ వెల్లకిలా పడి వెన్నెముక దెబ్బతిని, నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. మిగిలిన సన్నివేశాలు డానీ, క్రిస్ ఆక్రిగ్ పూర్తిచేశారు. రెండేళ్ళ తరవాత ఆష్టన్ తనకోసం మార్చిన సైకిలులో కూర్చుని, స్నేహితులు తోడురాగా కొండ దిగుతూ కెమెరా ముందుకొచ్చాడు.

పోటీల ఆటగాళ్ళు కూడా ఈ గాలికి కదిలారు. మార్టిన్ లాంప్‌కిన్ కొడుకు డగీ బయటి ఆటలోనే ఏడు ప్రపంచ టైటిళ్ళు, 12 స్కాటిష్ సిక్స్ డేస్‌లు గెలిచినవాడు. అయినా ట్రయల్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు అతను తెలిసింది 2016 సెప్టెంబరులో. మనం కిందటివారం తిరిగిన ఐల్ ఆఫ్ మాన్ చుట్టు, 37 మైళ్ళ పైచిలుకు, ముందు చక్రం ఒక్కసారీ నేలకు దించకుండా వెనక చక్రం మీదే పూర్తిచేశాడు. దానికి మార్కులు వేసే పుస్తకం ఎక్కడా లేదు.

సైకిలు ప్రపంచ పోటీల్లో ఈమధ్య లెక్క కూడా తిరగబడింది. 2017లో చైనాలోని చెంగ్డూలో పట్టణ సైకిలు ఆటల ప్రపంచ పోటీలు మొదలుపెట్టినప్పుడు ట్రయల్స్‌ను బీఎంఎక్స్ పక్కన నగరం నడిబొడ్డుకు తెచ్చారు. తరవాత మార్కులు పోగొట్టుకునే పద్ధతి తీసేసి సంపాదించుకునే పద్ధతి పెట్టారు. ఇప్పుడు సెక్షనుకు ఆరు గేట్లు, దాటిన గేటుకు పది మార్కులు, పూర్తిచేస్తే అరవై. పక్కన నిలబడ్డ కొత్తవాడికి బోర్డు చూడగానే ఎవరు ముందున్నారో అర్థమవుతుంది. పాత పద్ధతిలో తక్కువ మార్కులవాడు ఎందుకు గెలిచాడో ప్రతిసారీ ఎవరో ఒకరు వివరించవలసి వచ్చేది.

ఇక నేర్చుకునేవాళ్ళ సంగతి. ఒకప్పుడు పార్కు గోడ దగ్గర పెద్దవాడి పక్కన నిలబడి పట్టుకోవలసిన గెంతును ఇప్పుడు అలీ క్లార్క్‌సన్ లాంటివాళ్ళు నెమ్మదించిన వీడియోలో, ఏ వేలు ఎప్పుడు వదలాలో చూపించి నేర్పుతున్నారు. ఏ క్లబ్బూ లేని ఊళ్ళో కుర్రాడు కూడా ఇంటి ముందు అరుగు మీద సాధన చేసుకోవచ్చు. వాడు జీవితంలో ఒక్క పోటీకీ వెళ్ళకపోవచ్చు, అబ్జర్వర్ అనే మాట వినకనూ పోవచ్చు. నిర్వాహకులకు ఇదే దిగులు: చూసేవాళ్ళు కోట్లు, పేరు రాయించుకునేవాళ్ళు గుప్పెడు. కుర్రాళ్ళకు మాత్రం ఆ దిగులు ఉన్నట్టు కనిపించదు.

(వచ్చేవారం: బీఎంఎక్స్ – కాలిఫోర్నియా మట్టిదిబ్బల మీద మోటారు సైకిలు కొనలేని పిల్లలు)